జల్లెడ మీద పసుపు రెక్క

ఆ గదిలో ఉన్నవాళ్లు: క్వాలిటీ విభాగం అధిపతి, ఇంజనీరింగ్ మేనేజరు, మా కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు, నేను. బల్ల మీద ఉన్నవి: నాలుగు టీ కప్పులు, ఒక ల్యాప్‌టాప్, చిన్న ప్లాస్టిక్ కవరులో చిటికెన వేలి గోరంత రెక్క ముక్క. పసుపు రంగు. ఒక అంచున నల్లటి మరక, వెలుతురులో తిప్పి చూస్తే నీలంగా మెరుస్తోంది. గదిలో లేనిది, ఎవరి ఉద్యోగం గురించి మాట్లాడుకుంటున్నామో ఆ మనిషి. అతను కింద సెక్యూరిటీ గది బయట బెంచీ మీద కూర్చున్నాడు. అతని గేట్ పాస్ క్వాలిటీ సార్ డ్రాయరులో ఉంది.

మన కాలేజీ నుంచి ఏటా కొందరు పురుగుల నియంత్రణ కంపెనీల్లో చేరుతున్నారు. వాళ్ల కోసం ఏదైనా అనుభవం రాయమని అడిగారు. పనికొచ్చే అనుభవం అయితే ఇదొక్కటే ఉంది. ఫ్యాక్టరీ పేరు, మనుషుల పేర్లు రాయను. పురుగు పేరు మాత్రం రాస్తాను, అది పరువు నష్టం దావా వేయదు.

గడ్డపోతారంలో మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీ అది. కీటకశాస్త్రంలో పీజీ అయ్యాక నేను చేరిన కంపెనీ నన్ను అక్కడ కూర్చోబెట్టింది. రోజూ చేసేది మూడు పనులు: ఎలుకల బోనులు చూడటం, తలుపుల దగ్గర పెట్టిన నీలి దీపాల కింద జిగురు కాగితాలు మార్చడం, ఆ కాగితాలకు అంటుకున్న పురుగుల్ని లెక్కపెట్టి రాయడం. రాసేందుకు నాలుగు గళ్లు ఉండేవి: ఈగలు, దోమలు, రెక్కల పురుగులు, ఇతరాలు. నేను ఆరేళ్లు చదివిన చదువంతా ఆ 'ఇతరాలు' గడిలో సర్దుకుపోయేది.

వానాకాలంలో ఒక ఉదయం, మాత్రల్లో కలిపే మొక్కజొన్న స్టార్చ్‌ను జల్లెడ పడుతుంటే జల్లెడ మీద ఈ రెక్క ముక్క మిగిలింది. బ్యాచ్ ఆగిపోయింది. విచారణ మొదలైంది. ఇలాంటి విచారణను నెలలోపు ముగించాలి, చివర 'మూల కారణం' అనే గడి నింపాలి.

అసలు ప్రశ్న చాలా చిన్నది. ఆ రెక్క గోడౌన్ పురుగుదా, బయటి పురుగుదా? గోడౌన్ పురుగంటే పిండిలో గుడ్లు పెట్టి, పిండి తిని, పిండిలోనే పెరిగే చిన్న బూడిదరంగు ప్రాణి. అదైతే బస్తాలు సరిగ్గా చూసుకోలేదని అర్థం, గోడౌన్ మనిషిది తప్పు. బయటి పురుగైతే లోపలికి రానిచ్చిన భవనానిది తప్పు. భవనాన్ని గేటు బయటికి పంపలేరు.

"ఏమయ్యా ఎంటమాలజీ," అన్నారు క్వాలిటీ సార్. ఆయనది కృష్ణా జిల్లా. ఇరవై ఏళ్లుగా పటాన్‌చెరులో ఉంటున్నా మాట మారలేదు. "గోడౌన్ పురుగేగా?"

"కాదు సార్. దానికి ఈ పసుపు ఉండదు. దాని రెక్క మొత్తం పరిచినా ఈ ముక్కకంటే కాస్త పెద్దగా ఉంటుంది, అంతే. ఇది పెద్ద పురుగు. అడవుల్లో చెట్ల మీద పెరిగేది."

"అడవా?" అన్నాడు ఇంజనీరింగ్ మేనేజరు. "మన దగ్గర అడవెక్కడుంది బాబూ? ఎఫ్లుయెంట్ ట్యాంకు వెనకా?"

అందరూ నవ్వారు. మా సూపర్‌వైజరు అందరికన్నా కాస్త ఎక్కువసేపు నవ్వాడు. కాంట్రాక్టు మనిషి నవ్వాల్సిన కొలత అతనికి తెలుసు.

"గోరంత ముక్క చూసి జాతకం చెప్పేస్తున్నావ్," అన్నారు సార్. "రేపు ఆడిటర్ వచ్చి ఏదయ్యా ఆ పురుగు అంటే ఏం చూపిస్తావ్? నీ మొహమా?"

"పురుగునే చూపిస్తాను సార్. పెంచి చూపిస్తాను."

"పెంచుతావా! చంపడానికి కదయ్యా నీకు డబ్బులిచ్చేది?" ఆయన కప్పు కింద పెట్టారు. "సరే, నెల టైముంది. అప్పటిదాకా ఆ మనిషి లోపలికి రాడు. నువ్వు చూపిస్తే వస్తాడు. లేకపోతే హ్యూమన్ ఎర్రర్ అని రాసి క్లోజ్ చేసేస్తాను."

కిందికి దిగాను. బెంచీ మీది మనిషి లేచి నిలబడ్డాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, అయినా నన్ను సారూ అనేవాడు. నేనతన్ని అన్నా అనేవాణ్ని. జిన్నారం దగ్గర పల్లె. ఆరేళ్లుగా అదే గోడౌన్‌లో, అదే కాంట్రాక్టరు కింద పని.

"ఏమన్నరు సారూ?"

"నెల ఆగమన్నారన్నా."

"నెలనా? నెల దినాలు పాస్ లేకుంటే కాంట్రాక్టరు ఇంకొకన్ని పెట్టుకోడా? నేనేం జేసిన జెప్పు. బస్తా దింపిన, చెక్క మీద పెట్టిన, చీటీ అంటించిన. గా పురుగు నా జేబులకెళ్లి వడ్డదా?"

"నీది కాదని నాకు తెలుసన్నా."

"నీకు ఎరుకైతే ఏం ఫాయిదా సారూ? నువ్వు గూడ కాంట్రాక్టే, నేను గూడ కాంట్రాక్టే." వేలు పైకి చూపించాడు. ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. "ఆయన చూస్తుండు. పైకెళ్లి అంతా చూస్తుండు."

నేనూ పైకి చూశాను. అక్కడ చూరుకు సీసీ కెమెరా ఉంది. అదీ అంతా చూస్తోంది. మర్నాడు సెక్యూరిటీ ఆఫీసరును బతిమాలి ఆ వారం ఫుటేజీ చూశాను. గోడౌన్‌కు సరుకు దించే చోటును మేం డాక్ అనేవాళ్లం. డాక్ షటర్ రాత్రంతా సగం పైకి లేచి ఉంది. కింద ఇటుకల దొంతర. షటర్ మోటారు కాలిపోయి రెండు నెలలైంది, చేత్తో ఎత్తలేక ఫోర్క్‌లిఫ్ట్ వాళ్లు ఇటుకలు పేర్చి వదిలేస్తున్నారు. షటర్ పైన కొత్తగా బిగించిన తెల్లటి ఫ్లడ్‌లైటు. ఆ వెలుగులో రెక్కలు తిరుగుతున్నాయి, కెమెరాకు తెల్లటి గీతల్లా.

అవి ఎక్కడినుంచి వస్తున్నాయో కనుక్కోవడానికి పెద్దగా నడవక్కర్లేదు. డాక్‌కు ఎదురుగా, ప్రహరీ గోడ వెంట ఒకే వరసలో నూట పద్దెనిమిది పెద్దమాను చెట్లు. ఫ్యాక్టరీ పెట్టినప్పుడు పచ్చదనం చూపించాలి కాబట్టి, త్వరగా పెరిగేదేదో కనుక్కుని అదొక్కటే నాటారు. పెద్దమాను మన పక్కనున్న నర్సాపూర్ అడవిలోనూ ఉంటుంది. అక్కడొకటి, ఇక్కడొకటి, మధ్యలో వంద రకాల వేరే చెట్లు. దాన్ని తినే పురుగు అక్కడ చెట్టు వెతుక్కోవాలి, వెతుక్కునేలోపు పిట్ట దాన్ని వెతుక్కుంటుంది. ఫ్యాక్టరీలో ఆ శ్రమ లేదు. ఆకు పక్కన ఆకు, చెట్టు పక్కన చెట్టు, చివర్లో దీపం.

బెరడు మీద గూళ్లున్నాయేమోనని ముక్కు ఆనేంత దగ్గరికి వంగి చూస్తున్నాను.

"ఏంది పురుగుల సారూ, చెట్టుకు ముద్దులు పెడ్తున్నవ్? ఇంట్ల పెండ్లి సంబంధాలు చూస్తలేరా?"

తోట పని చేసే అక్క. యాభై దాటి ఉంటాయి. నడుముకు కొడవలి, నెత్తికి కంపెనీ ఇచ్చిన పసుపు టోపీ, టోపీ కింద తువ్వాలు.

"పురుగు గూళ్లు వెతుకుతున్నానక్కా."

"గవ్వా? గాడ గాదు, ఈడ జూడు." కొడవలి పిడితో మాను మీద ఠక్కున కొట్టింది. బెరడులోంచి ఒక చప్పుడు వచ్చింది. గరుకు కాగితాన్ని గోటితో గీకినట్టు, ముందు ఒకచోట, తర్వాత నాలుగైదు చోట్ల. "చెట్టు పటపట పండ్లు కొరుకుతున్నదనుకుంటి మొదట్ల. నా పెనిమిటి నిద్రల గిట్లనే కొరుకుతుండె. ఇగ భయమెందుకని ఊకున్న."

అది చెట్టు చప్పుడు కాదు. గొంగళి పురుగు ఎదిగాక మాను మీదికి దిగి, బెరడు తునకలు కొరికి, తన దారంతో కలిపి కాగితంలాంటి గూడు అల్లుకుంటుంది. బెరడు రంగే కాబట్టి కంటికి ఆనదు. లోపల ప్యూపాగా మారిన పురుగును కదిలిస్తే అది నడుము ఆడించి గూటి గోడకు రాచుకుంటుంది. ఆ చప్పుడుకు పిట్ట జడుసుకుంటుందని పుస్తకాల్లో ఉంది. పుస్తకంలో చదివినదాన్ని మొదటిసారి చెవితో విన్నాను. ఎంత సంతోషం వేసిందో దాచుకోలేకపోయాను.

"గంత మురుస్తున్నవేంది?" అంది అక్క. "పైసలు దొరికినయా?"

గోడౌన్ అన్న సంగతి చెప్పాను. ఆమెకు అతను తెలుసు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే నీడన టిఫిన్ గిన్నెలు విప్పుతారు. నిచ్చెన తెచ్చుకుని, ఒక కొమ్మ వంచి, పురుగులున్న లేత ఆకులు కోసి నా సంచిలో వేసింది. పసుపు ఒళ్లు, అడ్డంగా నల్ల పట్టీలు, పొడుగాటి తెల్లటి నూగు. పులి పురుగులు అనేది వాటిని.

"ముట్టకు, దురద లేస్తది. ఈ చెట్లు నా మోకాలంత ఉన్నప్పటి సంది నాకు ఎరుకే. ట్యాంకరు నీళ్లు బకీట్లల్ల మోసి పోసిన. ఆకు తింటే తిననీ, మల్ల చిగురేస్తయ్. మనిషి కడుపు గొడితే చిగురేస్తదా?"

బీరంగూడలో నా కిరాయి గదిలో, నాలుగు బిస్కెట్ల సీసాల్లో పెంపకం మొదలుపెట్టాను. మూతల బదులు దోమతెర గుడ్డ. ఇంటి ఓనరు ఆంటీ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఏం పెట్టావు బాబూ, ఊరగాయా?"

"పురుగులు ఆంటీ. ఆఫీసు పని."

"గది ఇచ్చింది నీ ఒక్కడికే కదా బాబూ," అంది, చాలా మర్యాదగా.

మొదటి విడత మొత్తం చచ్చిపోయింది. మూడో రోజు పొద్దున లేచేసరికి సీసా అడుగున అన్నీ నల్లబడి ముడుచుకుని ఉన్నాయి. ఆకు కడిగాను, తడి తుడిచాను, సీసాలు ఎండ తగలకుండా పెట్టాను. ఎక్కడ పొరపాటో తెలియక జబ్బుల పుస్తకం తిరగేశాను. సాయంత్రం మంచం మీద కూర్చుంటే ఎదురుగా గోడకు దోమల మందు మెషీను, ఎర్రటి చిన్న దీపంతో వెలుగుతోంది. నేనే పెట్టాను. రోజూ పెట్టే అలవాటు. పురుగుల్ని చంపే ఉద్యోగంలో నేను సాధించిన నూరు శాతం విజయం అదొక్కటే.

అక్క మళ్లీ నిచ్చెన ఎక్కింది. "సంపినవా? సదువుకున్నోనివి!" అని మాత్రం అంది. ఈసారి గుడ్లు కూడా దొరికాయి, ఆకు అడుగున గుంపుగా. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు మొదట ఒకదాన్నొకటి ఆనుకుని ఆకును పై పొర వరకే గీకి తిన్నాయి. పెద్దవయ్యాక చెదిరిపోయి ఈనెలు మాత్రం మిగిల్చాయి. ముందే బాగా ఎదిగినవి నేను పెట్టిన బెరడు చెక్కల మీద గూళ్లు కట్టుకున్నాయి. నేను దోమలకు ఒళ్లప్పగించి పడుకున్నాను.

ఆ రోజులన్నీ గోడౌన్ అన్న ఫ్యాక్టరీకి వస్తూనే ఉన్నాడు. పాస్ లేదు, జీతం లేదు. అయినా షిఫ్టు వేళకు వచ్చి బెంచీ మీద కూర్చుని, పదింటి టీ బండి పోయాక లేచిపోయేవాడు. ఎందుకన్నా అంటే, "కనవడకుంటే మరిచిపోతరు సారూ" అనేవాడు. నన్ను చూడగానే ఒకటే మాట: "పుట్టిందా?" ప్రసూతి వార్డు బయట నిలబడ్డ మొగుడిలా అడుగుతున్నాడని సెక్యూరిటీ వాళ్లు నవ్వేవాళ్లు.

గడువుకు మూడు రోజుల ముందు పుట్టింది. తెల్లారి చూసేసరికి గూటి కొన చీలి ఉంది, పక్కనే తడి రెక్కలతో పురుగు వేలాడుతోంది. ఆరాక రెక్కలు అరచేతి వెడల్పున విచ్చుకున్నాయి. ముందు రెక్కలు బెరడు రంగు, వాటి పొడవునా ఒంపు తిరిగిన తెల్లటి చార. వెనక రెక్కలు పసుపు, చివర నల్లగా, ఆ నలుపులో నీలం. కీటకశాస్త్రం దాన్ని ఎలిగ్మా నార్సిసస్ అంటుంది. జల్లెడ మీది ముక్కను ల్యాబులో మైక్రోస్కోపు కింద దీని వెనక రెక్క పక్కన పెట్టి చూశాను. మరక అంచు, పొలుసుల వరస, ఈనె వంపు, మూడూ కలిశాయి.

మళ్లీ అదే గది, అవే నాలుగు కప్పులు. ఈసారి బల్ల మీద నా సీసా, ఫొటోలు, ఇంకా విచ్చుకోని ఒక గూడు ఉన్న బెరడు చెక్క. నేను మాట్లాడుతుండగా ఇంజనీరింగ్ మేనేజరు కాలు బల్లకు తగిలింది. బర్ర్ మని చప్పుడు. క్వాలిటీ సార్ తన ఫోను తీసి చూసుకున్నారు. మేనేజరు తనది చూసుకున్నాడు. మా సూపర్‌వైజరు జేబు తడుముకున్నాడు.

"ఫోను కాదు సార్," అన్నాను, చెక్క చూపిస్తూ. "లోపలున్నది అరుస్తోంది."

సార్ గూటిని వేలితో తట్టారు. మళ్లీ అరిచింది. ఆయన మొహంలో చిన్నపిల్లాడి నవ్వు కనిపించింది, తర్వాత పోయింది. ఆయన తెలివైన మనిషి. నా ఫొటోలన్నీ ఓపికగా చూశారు, రెండు ప్రశ్నలు సరిగ్గా అడిగారు. "ఒప్పుకున్నానయ్యా. గోడౌన్ పురుగు కాదు. శభాష్," అన్నారు.

అప్పుడు నేను రాసుకొచ్చిన మూడు కారణాలు చదివాను. ఒకటి, చెట్ల వరస. రెండు, తెల్లటి ఫ్లడ్‌లైటు. మూడు, సగం లేచిన షటర్. చెట్లతో పని లేదు, అవి నిజానికి సమస్య కాదు. అవి లేకపోయినా పక్కనున్న అడవి నుంచి పురుగు రాగలదు. దీపం పసుపు రంగుది పెట్టి, షటర్ బాగుచేయిస్తే చాలు. అంత స్పష్టంగా చెప్పాననే ఇప్పటికీ అనుకుంటాను.

"లైటు మార్చాలంటే ఊరికే అవుద్దా?" అన్నాడు మేనేజరు. "దానికి ఎక్విప్‌మెంట్ నంబరుంది. చేంజ్ కంట్రోల్ రైజ్ చెయ్యాలి, ఎనిమిది సంతకాలు. వెలుతురు మళ్లీ కొలవాలి. షటర్ సంగతి రాస్తే, మూడు నెలలు తెరిచే ఉందని మనమే రాసిచ్చినట్టు. అప్పుడు ఆ మూడు నెలల బ్యాచ్‌లన్నీ ఆడిటర్ ముందు పెట్టాలి."

"మరి చెట్లకు?" అన్నారు సార్.

"చెట్లకు నంబరేముంది సార్?"

సార్ ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు. "నువ్వు చెప్పిన మూడూ నిజమేనయ్యా, కాదన్లేదు. కానీ ఈ గళ్లో ఒక్క లైనే పడుద్ది." టైపు చేశారు. మూల కారణం: ఆవరణలోని చెట్లపై పెరుగుతున్న కీటకం. దిద్దుబాటు: మూలాన్ని తొలగించడం. ఆధారం: నా నివేదిక.

డ్రాయరు తీసి పాస్ నా చేతిలో పెట్టారు. "నువ్వే ఇవ్వు. నీ వల్లేగా వచ్చింది."

ఇచ్చాను. అన్న దాన్ని చొక్కాకు తుడిచి మెడలో వేసుకున్నాడు. ఆ సాయంత్రం గేటు ముందు బండి మీద అతను కొనిచ్చిన మిర్చి బజ్జీలు తిన్నాం. అక్క కూడా ఉంది. "పురుగుల సారుకు ఇంకో రెండు వెయ్, పురిటికి బలం గావాలె" అని బండివాణ్ని ఆటపట్టించింది. గదిలో రాసిన ఆ ఒక్క లైను సంగతి నేను అక్కడ ఎత్తలేదు. రాయడం వేరు, చేయడం వేరు అనుకున్నాను. ఫ్యాక్టరీల్లో మామూలుగా అది నిజమే.

చెట్లు నరకాలంటే అనుమతి కావాలి. కత్తిరింపుకు అక్కర్లేదు. అందుకని పనికి 'కొమ్మల కత్తిరింపు' అని పేరు పెట్టారు. ఆ తర్వాతి సోమవారం రంపాలు వచ్చాయి. రంపాల లెక్కలో కొమ్మలు మోకాలి ఎత్తు నుంచే మొదలయ్యాయి.

అక్క గోడ దగ్గర నిలబడి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి, "పురుగుకు పేరు పెట్టినవ్ సారూ, బారసాల మంచిగ జేసినవ్," అంది. "నా చెట్లకు దినాలు గూడ నువ్వే చేసి పో."

"నేను నరకమని రాయలేదక్కా."

"నువ్వేం రాసినవో నాకేమెరుక? నాకు సదువొస్తదా? నిచ్చెన ఎక్కి ఆకు తెంపిచ్చింది మాత్రం ఎరుకే."

చెట్లు లేకపోతే తోటమాలి ఎందుకు? గోడ వెంట కోనోకార్పస్ మొక్కలు పెడతామన్నారు, పురుగు పట్టదట. ఆ పని వేరే ఏజెన్సీకి, వాళ్ల మనుషులు వాళ్లకున్నారు. వారం తిరక్కుండా అక్క పాస్ వెనక్కి తీసేసుకున్నారు. ఆమె కొడవలి, నీళ్ల డబ్బా లోపలే ఉండిపోతే, గేటు దాకా తెచ్చిచ్చింది గోడౌన్ అన్న. అతను తిరిగి వచ్చాక అడిగాను, ఏమందని. "ఏమంటది? పిల్లలు మంచిగున్నరా అని అడిగింది," అన్నాడు.

ఇప్పుడు దుంగల సంగతి. వాటిని వేలం వెయ్యాలి. వానకు గోడ దగ్గర నల్లరేగడి బురద, ట్రాక్టరు దిగబడుతోంది. సిమెంటు నేల ఉన్నది డాక్ ముందే. పైగా అక్కడైతే వెలుతురుంది, కెమెరా ఉంది, దొంగలు పడరు. అందుకని నూట పద్దెనిమిది చెట్ల దుంగల్నీ తెచ్చి ఫ్లడ్‌లైటు కింద, సగం లేచిన షటర్‌కు ఎదురుగా పేర్చారు. పేర్చిన కూలీల్లో గోడౌన్ అన్న ఒకడు. పాస్ తిరిగొచ్చాక అతనికి వేసిన మొదటి పెద్ద పని అదే. దుంగ మీద దుంగ వేసినప్పుడల్లా బెరడంతా ఒక్కసారి గీకినట్టు అరిచేది. ఎన్ని వందల గూళ్లో నాకు తెలియదు, లెక్కపెట్టడానికి వీలుకాని చప్పుడు అది.

"ఏంది సారూ, గింత సప్పుడు?" అన్నాడు.

"అన్నీ బతికే ఉన్నాయన్నా. చెట్టు చచ్చినా గూడుకు ఏమీ కాదు. లోపలున్నదానికి ఆకుతో ఇంక పని లేదు."

ఆ రోజే మెయిలు పెట్టాను. గూళ్లు బెరడు మీదున్నాయి, వారం పది రోజుల్లో రెక్కల పురుగులు వస్తాయి, దుంగలను వెంటనే దూరంగా తరలించండి లేదా బెరడు చెక్కించండి అని. జవాబు ఒక వాక్యం: దిద్దుబాటు చర్య పూర్తయింది, రిపోర్టు మూసివేయబడింది. మా సూపర్‌వైజరు ఫోను చేసి, "ఎందుకు తమ్ముడూ ఊకె గెలుకుతవ్? మూసిన ఫైలు మల్ల ఎవడన్న తెరుస్తడా?" అన్నాడు. నేను స్వయంగా వెళ్లి బెరడు చెక్కబోతే సెక్యూరిటీ ఆపింది. దుంగలు స్క్రాప్ విభాగం ఆస్తి, ముట్టుకోవాలంటే వాళ్ల అనుమతి ఉండాలి. ఆ విభాగం మనిషి సెలవులో ఉన్నాడు.

పురుగులు ఎవరి అనుమతీ అడగలేదు. గూళ్లలోంచి వచ్చాయి, రెక్కలు ఆరబెట్టుకున్నాయి, పైన దీపం చూశాయి. దీపం పక్కనే తలుపు.

మళ్లీ జల్లెడ ఆగింది. ఈసారి ముక్క కాదు, మొత్తం పురుగే. నేను పరుగున సార్ గదికి వెళ్లాను. దుంగల గురించి చెప్పాను, మెయిలు చూపించాను. ఆయన మొత్తం విన్నారు. కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నారు. ఆయనకూ పైన ఎవరో ఉన్నారు, ఆడిట్ పది రోజుల్లో ఉంది.

"చూడవయ్యా," అన్నారు. "మూలం చెట్లు అని నువ్వే ప్రూవ్ చేశావ్. మూలం తీసేశామని మేం రాసిచ్చాం. తీసేసిన మూలం నుంచి మళ్లీ పురుగొచ్చిందని ఎట్లా రాస్తాం? అంటే ఇది వేరే కారణం. చెట్లు లేవు, మిగిలిందేంటి?"

జవాబూ ఆయనే చెప్పారు: "మనిషి."

అన్న ఈసారి బెంచీ మీద కూర్చోలేదు. పాస్ ఇచ్చేసి, బాటా చెప్పులు సంచిలో పెట్టుకుని, గేటు దగ్గర నా కోసం ఒక్క నిమిషం ఆగాడు. "చెట్లు పాయె గద, ఇగ పురుగు యాడికెళ్లొచ్చిందిరా అని అడిగిండ్రు సారూ. దుంగలకెళ్లి వచ్చింది అని నేనన్న. దుంగలు పేర్చిందెవరు అన్నరు." కాసేపు నవ్వుతున్నట్టే నిలబడ్డాడు. "నేనే గద."

మా కంపెనీ కాంట్రాక్టు కూడా ఆ నెలాఖరుతో ఆగిపోయింది. ఇప్పుడు నేను కంది దగ్గర నేల పరీక్షలు చేసే చోట పనిచేస్తున్నాను. మట్టిలో భాస్వరం ఎంతుందో చెబితే, దానివల్ల ఎవరి పాసూ పోదు. ఆ ఫ్లడ్‌లైటు అక్కడే ఉందని విన్నాను. కోనోకార్పస్ పుప్పొడితో ఎలర్జీ వస్తుందని ఇప్పుడు ఊరంతా వద్దంటోంది కాబట్టి దాన్నీ కత్తిరించే ఆలోచనలో ఉన్నారట.

మీకు సలహా ఇవ్వమన్నారు. పురుగును సరిగ్గా గుర్తించండి, అది మన పని. మీ నివేదికలో కారణాలు మూడు ఉంటే, వాటిలో నంబరు లేనిది ఏదో, సంతకం పెట్టే ముందు చూసుకోండి. మిగతావన్నీ పోయాక అదొక్కటే మిగులుతుంది. నేను చూసుకోలేదని కాదు, చూసినా అర్థం కాలేదు. సిలబస్‌లో లేదు.

చివరి రోజు కూడా నా పని నేను చేశాను. డాక్ లోపలి నీలి దీపం కింద, చెట్లు ఉన్నప్పటి చివరి నెల మొత్తానికి పడిన రెక్కల పురుగులు మూడు. దుంగలు వచ్చాక ఆ చివరి వారంలో మార్చిన జిగురు కాగితాలన్నీ బల్ల మీద పరిచి లెక్కపెట్టాను. ఏ జాతి అని ఈసారి ఎవరూ అడగలేదు. గడిలో అంకె మాత్రం రాశాను.

నూట ఎనభై మూడు.